సూడాన్ అని రాసే ముందు

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. నీ కథ నిన్న సాయంత్రం అందింది. రాత్రి ఒకసారి, పొద్దున్నే లేచి మరోసారి చదివాను. మిర్చి మిల్లులో పనిచేసే ఆమె ఇంటికొచ్చి, బిడ్డను ఎత్తుకునే ముందు నాలుగుసార్లు చేతులు కడుక్కుంటుంది. అయినా బిడ్డ బుగ్గ మండి ఏడుస్తుంది. అక్కడ చాలాసేపు ఆగిపోయాను. ఆ పేరాలో ఒక్క మాట కూడా మార్చొద్దు.

మార్చాల్సింది ఐదో పేజీలో ఉంది. మిర్చి పొడిలో కల్తీ చేసే సూడాన్ రంగును "సూడాన్ దేశం నుంచి దొంగచాటుగా దిగిన విషపు రంగు" అని రాశావు. ఈ ఉత్తరమంతా ఆ ఒక్క వాక్యం గురించే.

ఆ రంగు సూడాన్‌లో పండేది కాదమ్మా. ఆ దేశపు మట్టికీ చెట్టుకీ దానితో ఏ సంబంధమూ లేదు. సూడాన్ 1, 2, 3, 4, సూడాన్ బ్లాక్, ఇవన్నీ రసాయనాలతో చేసిన ఒకే కుటుంబపు రంగులు. 1856లో లండన్‌లో విలియం పెర్కిన్ అనే కుర్రవాడు తారు నుంచి తీసిన సరుకుతో ఊదా రంగు చేశాడు. రెండేళ్లకు పీటర్ గ్రీస్ అనే జర్మన్ శాస్త్రవేత్త డయజో సమ్మేళనాలనే, రంగుల తయారీకి పనికొచ్చే రసాయనాలు కనిపెట్టాడు. అజో రంగులనే పెద్ద వంశం ఆ దారిలోనే పుట్టింది. సూడాన్ రంగులు ఆ వంశానివే.

మరి రంగు డబ్బా మీదికి ఆఫ్రికా ఎలా ఎక్కుతుంది? ఇదే వంశంలోని కాంగో రెడ్ సంగతి చెప్తాను, విను. నూలుకు రంగు నిలవాలంటే ముందు ఏదో ఒకటి పట్టించాలి. మన కలంకారీ వాళ్లు కరక్కాయ, పటిక వాడేది అందుకే. ఆ పని లేకుండా నూలుకు నేరుగా పట్టే రంగును 1883లో పాల్ బోటిగర్ జర్మనీలో తయారు చేశాడు. 1884 నవంబరులో బెర్లిన్‌లో యూరప్ దేశాలు ఆఫ్రికా పంపకాల గురించి సమావేశమయ్యాయి. అప్పుడు పత్రికల నిండా కాంగో మాటే. ఆ వేడిలోనే అగ్ఫా కంపెనీ ఆ ఎర్ర రంగును కాంగో రెడ్ అని పేరు పెట్టి అమ్మింది. ఆ రంగుకు కాంగోతో ఉన్న చుట్టరికం అంతే. అక్కడి మనుషులకు ఆ పేరు పెడుతున్నట్టు కూడా తెలియదు.

అన్ని పేర్లూ ఇలాంటివి కావు. ఇంగ్లీషులో నీలిమందును ఇండిగో అంటారు కదా, అందులో ఇండియా ఉంది. ఆ సరుకు నిజంగానే మన నేల నుంచి వెళ్లింది కాబట్టి ఆ పేరు వచ్చింది. ఒక పేరు నిజం చెప్తుంది, ఇంకో పేరు చెప్పదు. ఏది ఏదో చూసుకునే పని మనదే.

ఇక దేశం. అరబ్బీలో "బిలాద్ అస్ సూదాన్" అంటే నల్లవారి దేశం. ఒకప్పుడు సహారా ఎడారికి దక్షిణాన ఉన్న పెద్ద మేరనంతా అలాగే పిలిచేవారు. ఇప్పటి మాలిని ఫ్రెంచి వాళ్ల పాలనలో ఫ్రెంచి సూడాన్ అనేవారు. మనం ఇప్పుడు సూడాన్ అనే దేశానికి 1956 జనవరి 1న స్వాతంత్ర్యం వచ్చింది. అంతకు ముందు 1953లో అక్కడ మొదటి ఎన్నికలు జరిపించింది ఎవరో తెలుసా? మన మొదటి ప్రధాన ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్. 2011లో దక్షిణ సూడాన్ విడిపోయింది. 2023 ఏప్రిల్ 15న సైన్యానికీ పారామిలిటరీ దళానికీ మధ్య యుద్ధం మొదలైంది. తెల్ల నైలు, నీలి నైలు కలిసే చోట ఉన్న ఖార్తూమ్ నగరం ఆ యుద్ధంలో ధ్వంసమైంది. లక్షలాది మంది ఇళ్లు వదిలి పోయారు.

హైదరాబాద్‌లో చదువుకోవడానికి సూడాన్ నుంచి ఏళ్ల తరబడి పిల్లలు వస్తున్నారు. వాళ్లలో ఒకరికి నీ వాక్యం ఎవరైనా చదివి అర్థం చెప్పారనుకో. ఊళ్లో అమ్మానాన్నలు ఎలా ఉన్నారో తెలియక టెన్షన్‌తో ఫోన్ పట్టుకుని కూర్చున్న పిల్లాడికి, ఈ భాషలో తన దేశం పేరు పక్కన "దొంగచాటు", "విషం" వినిపిస్తాయి. నువ్వు అతన్ని ఏమీ అనాలనుకోలేదని నాకు తెలుసు. అతనికి ఎలా తెలుస్తుంది?

నిజంగా సూడాన్ నుంచి లోకానికి వెళ్లే సరుకు వేరే ఉంది. కోర్దొఫాన్ ప్రాంతంలో హషాబ్ అనే చెట్టు ఉంటుంది, మన తుమ్మకు దగ్గరి చుట్టం. బెరడు చీల్చి వదిలితే బంక కారి ఉండలు కడుతుంది. దాన్ని ఏరి అమ్ముతారు. చల్లని పానీయాల్లో, మిఠాయిల్లో, మందుల్లో వాడే ఈ బంకకు పెద్ద వనరు ఆ దేశమే. పాతకాలపు సిరాల్లో చిక్కదనం కోసం వేసింది కూడా ఈ జాతి బంకే. నీ కథలో ఇది పెట్టమని చెప్పడం లేదు. సూడాన్ అనగానే నీ మనసులోకి ముందు ఈ చెట్టు రావాలని రాస్తున్నాను.

ఇంత పట్టుదలగా ఎందుకు చెప్తున్నానంటే, నేనూ ఇలాంటి తప్పే చేశాను. 2003లో మన దేశం నుంచి వెళ్లిన మిర్చి సరుకులో సూడాన్ 1 ఉందని ఫ్రాన్స్ పట్టుకుంది. పరీక్ష పత్రం లేని మిర్చిని రానివ్వబోమని యూరోపియన్ యూనియన్ ఆ ఏడాదే నిబంధన పెట్టింది. 2005 ఫిబ్రవరిలో బ్రిటన్‌లో ఒక సాస్‌లో ఆ రంగు బయటపడితే, ఆ సాస్ కలిపిన 400కు పైగా సరుకులను దుకాణాల నుంచి తీసేశారు. అప్పుడు నేను ఒక పత్రికకు రాసేవాణ్ణి. "గుంటూరు మిర్చిలో విషం" అని శీర్షిక పెట్టాను. మూడో రోజున పల్నాడు నుంచి ఒక పెద్దాయన ఆ కాగితం పట్టుకుని వచ్చాడు. కండువా కొంగు విప్పి గుప్పెడు కాయలు నా బల్ల మీద పోశాడు. "బాబూ, వీటికి రంగు నేను ఎక్కడ పూశానో చూపించండి" అన్నాడు. కోపంగా అనలేదు, అడిగాడంతే. నా దగ్గర జవాబు లేదు. రంగు కలిసింది పొడిలో. నేను కాయ అన్నాను, గుంటూరు అన్నాను. కళ్లంలో కాయ ఎండబెట్టుకునే మనిషిని దోషిని చేశాను. ఇరవై ఏళ్లయినా ఆ కాయలు నా కళ్ల ముందే ఉన్నాయి.

రంగు ఎందుకు కలుపుతారో నీ కథలో ఎక్కడా లేదు. తాలు కాయ తెలుసు కదా, తెల్లబోయిన కాయ. మిర్చి మార్కెట్ యార్డులో దానికి మంచి కాయ ధర రాదు. దాన్ని దంచి రంగు కలిపితే మంచి పొడిలా కనిపిస్తుంది. మోసం పుట్టేది ఆ ధరల తేడాలోనే. నీ మిల్లు యజమానిని ఊరికే దుర్మార్గుడిగా చూపించావు. అతని చేత తాలు టిక్కీలు, అంటే తాలు కాయ బస్తాలు, కొనిపించు. పాఠకుడికి తనంతట తానే అర్థమవుతుంది.

ఏడో పేజీలో ఆమె గ్లాసు నీళ్లలో పొడి చల్లి కల్తీ కనిపెడుతుంది. అది కుదరదు. సూడాన్ రంగు నీళ్లలో కరగదు, నూనెలో కరుగుతుంది. పోనీ నూనెలో వేసి చూద్దామంటే, మిరపకాయ సహజమైన ఎరుపు కూడా నూనెలోకే దిగుతుంది. ఆవకాయ జాడీలో పైకి తేలిన నూనె చూడు. అందుకే ఈ కల్తీ ఇంట్లో తేలదు, ల్యాబ్‌లో పరీక్షించాల్సిందే. ఆమె కళ్లెదుట ఉన్నదాన్ని తేల్చుకోలేకపోవడమే నీ కథకు ఎక్కువ బలం అనిపిస్తోంది నాకు.

"విషపు" అన్న మాట కూడా తీసెయ్. సూడాన్ 1ను తిండిలో కలపడం మన చట్టంలోనూ నేరమే, యూరప్‌లోనూ నేరమే. ఎలుకలకు పెట్టి చూసిన ప్రయోగాల్లో కాలేయంలో గడ్డలు కనిపించాయి. మనుషుల విషయంలో మాత్రం అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దాన్ని మూడో వర్గంలో ఉంచింది. అంటే క్యాన్సర్ కలిగిస్తుందని తేల్చడానికి ఆధారాలు చాలవని. భయపడటానికి ఇంత నిజం చాలు, దానికి మనం ఏమీ చేర్చక్కర్లేదు. ఇదే కుటుంబంలోని సూడాన్ 3ను ల్యాబుల్లో కొవ్వును గుర్తించడానికి వాడతారు. ఆముదం గింజను పల్చగా కోసి ఆ రంగు వేసి మైక్రోస్కోప్‌లో చూస్తే నూనె బొట్లు ఎర్రగా మెరుస్తాయి. గాజుపలక మీద పనికొచ్చే వస్తువు కారం డబ్బాలో నేరమవుతోంది. నీ కథలో ఆమె తమ్ముడు ఇంటర్ బైపీసీ చదువుతున్నాడు కదా. సూడాన్ అనే పేరు మొదట వాడి నోట రానివ్వు.

తిరిగి రాసే ముందు ఒకసారి గుంటూరు యార్డుకు వెళ్లు. ఫిబ్రవరి, మార్చి నెలలైతే మంచి సీజన్. తెల్లవారక ముందే చేరుకో, టిక్కీలు దించేది అప్పుడే. తొడిమలు తీసే ఆడవాళ్ల దగ్గర కాసేపు కూర్చుని, వాళ్లు రాత్రి అన్నం ఎలా కలుపుకుంటారో అడుగు. ముక్కుకు తడి తువ్వాలు కట్టుకోవడం మరిచిపోకు. రెండో ప్రతి రాగానే చదువుతాను.

ఆశీస్సులతో,
నీ మాస్టారు