కిటికీ మార్చాలా, బాగు చేయిస్తే చాలా?

మీరు మూడు ఇబ్బందులు రాశారు: వాన పడితే కిటికీ కింద గోడ తడుస్తోంది, చెక్క రెక్కలు పట్టేస్తున్నాయి, స్లైడింగ్ కిటికీ జరపాలంటే రెండు చేతులూ కావాలి. ఇరవై ఏళ్ల నాటివి కాబట్టి అన్నీ మార్చేయమని మీకు ఎవరో చెప్పారట. వయసు చూసి మార్చకండి, ఫ్రేమ్ చూసి మార్చండి. గాజు, బందులు, గడియలు, రబ్బరు, రోలర్లు, చివరికి రెక్కలు కూడా విడిగా మార్చుకోగలిగినవే. గోడలో దిగిన ఫ్రేమ్ పాడైతేనే మొత్తం పీకాల్సి వస్తుంది.

చెక్క ఫ్రేమ్‌ను పరీక్షించడానికి మొన తేలిన స్క్రూడ్రైవర్ చాలు. నిలువు చెక్క కింది అడ్డ చెక్కలో దిగే అతుకు దగ్గర, రెండు మూలల్లోనూ చేత్తో గట్టిగా గుచ్చండి. చెక్కను అడ్డంగా కోసిన ముఖమే నీళ్లను ఎక్కువగా పీలుస్తుంది, అందుకే పుచ్చడం దాదాపు ఎప్పుడూ అక్కడే మొదలవుతుంది. గట్టి చెక్కలో మొన ఒకటి రెండు మిల్లీమీటర్లకు మించి దిగదు. 5 మిల్లీమీటర్లు సులువుగా దిగితే, మొనతో కొంచెం పైకి లేపి చూడండి. బాగున్న చెక్క పొడుగ్గా పీచులా లేస్తుంది. పుచ్చింది టపుక్కున ముక్కగా విరిగి పొడి రాలుతుంది. పైన రంగు నిగనిగలాడుతున్నా నమ్మకండి, రంగు కిందే తడి చిక్కుకుని ఉంటుంది. తర్వాత పిడితో ఫ్రేమ్ పొడుగునా తట్టండి. డొల్ల శబ్దం వచ్చినా, గోడ అంచున మట్టి గీతలు కనిపించినా చెద ఉందనే అనుకోవాలి. గోడకు చెద మందు కొట్టించకుండా కొత్త చెక్క పెడితే దానికీ అదే గతి.

పుచ్చు ఒక్క మూలకే ఉంటే ఫ్రేమ్ పీకక్కర్లేదు. మెత్తబడిన చోటికి ఇంకో 50 మిల్లీమీటర్ల అవతల వరకూ కోసి, అతుకు కోత బయటివైపు వాలేలా కొత్త ముక్కను ఎపాక్సీ జిగురుతో అతికించవచ్చు. కింది అడ్డ చెక్క మొత్తం పోయి, రెండు నిలువు చెక్కల్లోకీ పుచ్చు పాకితే మాత్రం మార్చడమే మేలు.

రెక్కలు వానాకాలంలోనే పట్టేసి ఎండాకాలంలో వదులైతే అది చెక్క ఉబ్బడం. రెక్క అడుగు అంచును వేలితో తడిమి చూడండి, చాలా ఇళ్లలో అక్కడ రంగే వేసి ఉండదు. పట్టేసే చోట ఇప్పుడు పెన్సిల్‌తో గీత పెట్టుకోండి. చిత్రిక మాత్రం చెక్క ఆరాకే పట్టించండి. తడిలో తీయిస్తే ఎండాకాలంలో సందు మరీ పెద్దదవుతుంది. చుట్టూ 2 నుంచి 3 మిల్లీమీటర్ల సందు వదిలి, అన్ని అంచులకూ రంగు వేయించండి. పాత రంగును పొడిగా గీకించవద్దు. అందులో సీసం ఉండొచ్చు, పిల్లలున్న ఇంట్లో ఆ ధూళి ప్రమాదం. తడిపి గీకాలి.

ఏడాది పొడుగునా పట్టేస్తుంటే ఫ్రేమ్‌ను మూల నుంచి ఎదురు మూలకు, రెండు వైపులా టేపుతో కొలవండి. కొలతల మధ్య 5, 6 మిల్లీమీటర్లకు మించి తేడా ఉంటే మూలమట్టం తప్పింది. దానితోపాటు కిటికీ పైమూల నుంచి గోడ మీద ఏటవాలు పగులు కూడా ఉంటే కిటికీ జోలికి వెళ్లకండి, ముందు ఇంజనీరుకు లింటెల్, అంటే కిటికీ పైన గోడ బరువు మోసే అడ్డ దూలం, చూపించండి. లింటెల్ బరువు ఫ్రేమ్ మీద పడుతుంటే కొత్తదీ బిగుసుకుపోతుంది.

ఇక నీళ్లు. ఎక్కువ మంది అనవసరంగా కిటికీలు మార్చేది ఈ ఒక్క కారణంతోనే. తడి కనిపించిన చోటే నీళ్లు దిగుతున్నాయని అనుకోకూడదు. వాన లేని రోజున పైపు తీసుకుని సన్నని ధారతో కింది నుంచి పైకి పరీక్షించాలి. లోపల ఒకరు టార్చితో చూస్తుండాలి. మొదట కిటికీ గట్టు మీద ఐదు నిమిషాలు, తర్వాత ఫ్రేమ్‌కూ గోడకూ మధ్య అతుకు, ఆపైన రెక్కల అంచులు, చివరగా సన్‌షేడ్ గోడలో కలిసే గీత. పై నుంచి మొదలుపెడితే నీళ్లు అన్నిటి మీదా కారి, తప్పు ఎక్కడుందో తెలియదు. గట్టు లోపలికి వాలి ఉన్నా, సన్‌షేడ్ అడుగున నీటి బొట్టును తెంచే గాడి లేకపోయినా అది తాపీ పని, కిటికీ తప్పు కాదు.

స్లైడింగ్ కిటికీకి ఇంకో పరీక్ష: కింది ట్రాక్‌లో గ్లాసు నీళ్లు పోయండి. ఒకటి రెండు నిమిషాల్లో బయటికి పోవాలి. నిలిచిపోతే ట్రాక్‌కు బయటివైపున్న చిన్న చిల్లులు మట్టితో పూడుకున్నాయి, లేదా నీళ్లు అక్కడి నుంచే వస్తున్నాయనుకుని ఎవరో సిలికాన్‌తో మూసేశారు. వాటిని తెరవండి. రెక్కను పైకెత్తి ట్రాక్‌లోంచి తీసి రోలర్లు చూడండి. చక్రం అరిగి ఒకవైపు చదునుగా ఉంటే రోలర్లు మార్చితే సరి. వెంట్రుకల్లాంటి పట్టీ నలిగిపోయి ఉంటే అదీ మార్పించండి, గాలీ దుమ్మూ అక్కడి నుంచి కూడా వస్తాయి. మీ రెండు చేతుల కిటికీ ఇంతటితోనే తేరుకునే అవకాశం ఎక్కువ. ట్రాక్ పట్టాలే అరిగి పదునెక్కినా, అల్యూమినియం తెల్లటి పొడి రాలుతూ గుంటలు పడినా మార్చాల్సిందే.

ఇనుప ఫ్రేమ్‌లో గాజు మూల నుంచి దానంతటదే పగులుతుంటే తుప్పే కారణం. తుప్పు ఇనుము కంటే ఎన్నో రెట్లు జాగా తీసుకుని గాజునూ ప్లాస్టరింగ్‌నూ నెడుతుంది. అక్కడ గాజు ఎన్నిసార్లు మార్చినా వృథా. రెండు గాజుల కిటికీలో మసక లోపల తుడిచినా, బయట తుడిచినా పోకపోతే మధ్య సీలు పోయినట్టు. ఆ గాజు యూనిట్ ఒక్కటే మార్చుకోవచ్చు.

మార్చక తప్పకపోతే ఒక మాట. పాత ఫ్రేమ్ లోపలే కొత్తది బిగిస్తామంటే, పాతది గట్టిగా ఉందని స్క్రూడ్రైవర్ చెప్పాకే ఒప్పుకోండి. లేకపోతే పుచ్చును కప్పిపెట్టినట్టే. వెడల్పు మూడు చోట్ల, ఎత్తు మూడు చోట్ల కొలిచి, అన్నిటికంటే తక్కువ కొలతలోంచి 10 మిల్లీమీటర్లు తగ్గించి ఆర్డర్ ఇవ్వాలి. అంటే ప్రతి వైపూ 5 చొప్పున సీలెంట్‌కు, అదే సందు మూసే జిగురుకు, జాగా. మరలు మూల నుంచి 150 మిల్లీమీటర్ల దూరంలో మొదలై, ఒక మరకూ ఇంకో మరకూ మధ్య 600కు మించకుండా ఉండాలి. సందులో నురగ (ఫోమ్) నింపి వదిలేస్తే ఎండకు పొడిపొడి అవుతుంది, పైన సీలెంట్ పడాలి. వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ సిమెంటుకు సరిగా పట్టదు, లోహాన్నీ తినేస్తుంది. న్యూట్రల్ రకం అడగండి.

ముందు వాన ఎక్కువగా కొట్టే వైపు ఒక్క కిటికీ చేయించండి. పైపుతో పరీక్ష చేశాకే, ట్రాక్‌లో గ్లాసు నీళ్లు పోసి చూశాకే మిగతా వాటికి అడ్వాన్స్ ఇవ్వండి.