ఇంటర్వ్యూలో "మీరు చేసిన ఒక తప్పు చెప్పండి" అంటే ఏం చెప్పాలి?

నిజంగా చేసిన తప్పే చెప్పండి. "నేను మరీ పర్ఫెక్షనిస్టుని, అదే నా లోపం" లాంటివి వాళ్లు రోజూ వింటుంటారు. ఉదాహరణకి, అమెజాన్ తన ఉద్యోగుల నుంచి ఆశించే 16 సూత్రాల్లో (లీడర్‌షిప్ ప్రిన్సిపుల్స్) ఓనర్‌షిప్, అంటే పనిని తనదిగా భావించడం, ఒకటి. "అది నా పని కాదు" అనకూడదన్నది అందులోని మాటే. నమ్మకం సంపాదించడం ఇంకొకటి. ఇబ్బందిగా ఉన్నా తన తప్పును తానే బయటపెట్టడం దాని కిందికి వస్తుంది.

ఇలాంటి ప్రశ్నలకి జవాబు చెప్పడానికి వాడే పరిస్థితి, బాధ్యత, చేసిన పని, ఫలితం అనే స్టార్ (STAR) వరస మీకు తెలిసే ఉంటుంది. చిక్కేంటంటే, చాలామంది పరిస్థితి దగ్గరే మూడు నిమిషాలు తినేస్తారు.

నా సంగతే చెప్తాను. ఓ శుక్రవారం సాయంత్రం టెస్ట్ సర్వర్ అనుకుని ప్రొడక్షన్‌లో, అంటే అసలు కస్టమర్ల పని నడిచే సర్వర్‌లో, స్క్రిప్ట్ నడిపేశాను. రెండొందల ఇన్వాయిస్‌లు రెండోసారి వెళ్లిపోయాయి. ఎవరూ గమనించకముందే మేనేజర్‌కి ఫోన్ చేసి, "పొరపాటు నాదేనండీ, ఎవరెవరికి వెళ్లాయో లిస్టు తీస్తున్నా" అన్నాను. తర్వాత ప్రొడక్షన్ విండో ఎర్రగా కనిపించేలా మార్చాను. ఇంటర్వ్యూలో వాళ్లు పట్టుకున్నది ఆ ఫోన్‌నే: "ఎంతసేపటికి చెప్పారు? ముందు ఎవరికి?"

"మేం చేశాం" అనడం మనకు అలవాటు, మర్యాద కూడా. ఇక్కడ మాత్రం "నేను" అనాలి, లేకపోతే మీ వాటా ఎంతో వాళ్లకి తెలీదు. తప్పు పక్కవాడి మీదకి నెట్టే కథైతే అసలు ఎత్తకండి.