పొలంలో పాటలు పెట్టబోతున్న మేనల్లుడికి

చిరంజీవి అల్లుడికి అత్త ఆశీస్సులు.

ఉద్యోగం మానేసి పద్మనాభం ఊళ్లోని పొలంలోకి దిగుతున్నావని మీ నాన్న ఫోనులో చెప్పాడు. ఆయన గొంతులో దిగులు, నా గొంతులో సంతోషం. ఫోను పెట్టేశాక దిగులు నాకు అంటుకుంది. వరి, అరెకరం మల్లె, మిగతాది కూరగాయలు అట. నీళ్లు, ఎరువులు, ఆనందపురం పూల మార్కెట్టు సంగతులు మీ నాన్నను అడుగు, నాకంటే బాగా తెలుసు. నేను రాస్తున్నది ఇంకో దాని గురించి. పొద్దస్తమానం పాటలు వినడానికి పెద్ద స్పీకరు, చెవుల్లో దూర్చుకునే బుల్లి యంత్రాలు కొన్నావట.

పాటలు వద్దని నేనెందుకు అంటాను? విశాఖ ఆకాశవాణి 1963లో మొదలైంది. నా పొలం పనంతా దాని వెంటే నడిచింది. గడియారం కట్టుకుని బురదలో దిగేదెవరు? భక్తిరంజని వస్తుండగా మల్లెమొగ్గలు కోయడం, ఆరు ముప్పావుకు ప్రాంతీయ వార్తలు అందుకునేసరికి బుట్ట బస్సెక్కించడం. రేడియోకు ఏటా పోస్టాఫీసులో లైసెన్సు కట్టే రోజులవి. మీ మామయ్య పన్ను మరిచిపోయినా అది మాత్రం మరిచేవాడు కాదు.

కానీ చెవులు మూసుకుని పొలంలో తిరగకు. దీన్ని మాత్రం సలహా అనుకోకు, ఆజ్ఞ అనుకో. బావిలో నీరు తగ్గి మోటారు గాలి లాగితే ముందు చప్పుడు మారుతుంది. అది విననివాడికి కాలిన వాసన వచ్చాకే తెలుస్తుంది. రక్తపింజర కాటు వేసే ముందు చాలాసార్లు కుక్కరులా బుసకొడుతుంది. ఆ బుస విని వెనక్కి గెంతబట్టే ఇవాళ నీకు ఉత్తరం రాస్తున్నాను. ఇక పిడుగు. మెరుపుకు, ఉరుముకు మధ్య ముప్పై అంకెలు లెక్కపెట్టేలోపే ఉరిమితే పని వదిలేసి పక్కా ఇంట్లోకి వెళ్లాలి. తాటిచెట్టు కిందికి కాదు, చింతచెట్టు కిందికి అసలే కాదు. పాత మీడియం వేవ్ రేడియో సెట్టులో ఒక సుగుణం ఉంది: ఎక్కడో దూరాన మెరిసినా పాట మధ్యలో గరగరమంటుంది. ఆ గరగర విని కూలీలను ఇంటికి పంపేసిన రోజులున్నాయి. ఎఫ్‌ఎంలో పాట హాయిగా వస్తుంది, ఈ కబురు మాత్రం రాదు.

ఇక స్పీకరు. మీ మామయ్య సంగతి చెప్తాను. ఆయన ఉంటే చెప్పనిచ్చేవాడు కాదు.

ఒక ఏడాది ఉభాలకు, అంటే వరినాట్లకు, కొత్త ట్రాన్సిస్టరు తెచ్చాడు. దమ్ము చేసిన మడిలో ఆడవాళ్లు వరస కట్టారు. ఈయన సెట్టును గట్టు మీద చెట్టుకొమ్మకు తగిలించి చివరికంటా శబ్దం పెంచాడు. కూలీలకు వినోదమట! అప్పటిదాకా వరసలో పెద్దావిడ ఒక చరణం అందుకుంటే మిగతావాళ్లు తిరిగి పాడేవాళ్లు. ఆవిడ పాడేటప్పుడు చేతిలోని నారు విడదీసుకోవడం, వీళ్లు పాడేటప్పుడు గుచ్చుతూ వెనక్కి అడుగు వేయడం. చంటిబిడ్డ తల్లి వెనకబడితే ఆవిడ పాట నెమ్మదించేది, మబ్బు కమ్మితే ఊపందుకునేది. రేడియోకు ఇవన్నీ ఏం తెలుసు? ఒక పాట పరుగు, తరవాతది జోల, మధ్యలో సబ్బు ప్రకటన. ప్రకటన వచ్చినప్పుడల్లా నడుములు పైకి లేచాయి. మధ్యాహ్నానికి వరస వంకర పోయింది, నాట్లు ఒకచోట ఒత్తుగా, ఒకచోట పలచగా పడ్డాయి. పొద్దువాలేసరికి సగం మడి ఖాళీ. పీకిన నారు కట్టలు గట్టు మీద వడలిపోతున్నాయి. కూలీలు బద్ధకించారని మీ మామయ్య గొణిగాడు. పెద్దావిడ విన్నది.

మర్నాడు మా మడిలోకి ఎవరూ రాలేదు. పక్క పొలంలోంచి వాళ్ల పాట శుభ్రంగా వినిపిస్తోంది. ఈయన కోపంతో సెట్టు ఆపేశాడు, నేను ఆ సాయంత్రం వెళ్లి ఆవిడ అరుగు మీద కూర్చున్నాను. ఆవిడ రేడియోను ఒక్క మాట అనలేదు. “పాడుతున్నప్పుడు ఎవరి గొంతు తగ్గిందో తెలుస్తుందమ్మా. ఎవరికి దాహమేసిందో, ఎవరి కాలికి ముల్లు దిగిందో నాకు తెలుస్తుంది. నిన్న ఏమీ తెలియలేదు” అంది.

ఆ తరవాత రేడియో అన్నాల వేళకే. చోడి అంబలి తాగుతూ సుశీల గొప్పా, లీల గొప్పా అని తగవులాడుకునేవాళ్లు. సుశీల విజయనగరం ఆడపడుచు, ఎప్పుడూ ఆవిడే గెలిచేది. రేడియోలో కోరిన పాటల కార్యక్రమానికి అందరి పేర్లతో ఒకే కార్డు రాసి పంపాం. ఒకరోజు చదివారు కూడా! పెద్దావిడ పేరును మధ్యలో విరిచి చదివారు. చివరిదాకా ఊరంతా ఆవిడను ఆ విరిగిన పేరుతోనే పిలిచింది, ఆవిడా మురిసిపోతూ పలికేది.

ఇప్పుడు నాట్లు యంత్రమే వేస్తుంది అత్తా అంటావు. మల్లె కోతకు, కలుపుకు వచ్చేది మనుషులే కదా. ఏ పాట, ఎంతసేపు, అసలు కావాలా వద్దా అని వాళ్లను అడుగు. నువ్వు ఒంటరిగా పాదులు చేసుకునే రోజున నీ ఇష్టం. సెట్టు గట్టు మీద పెట్టుకో, పది అడుగులు దాటితే వినపడనంత శబ్దం చాలు. పురుగుమందు కొట్టే రోజు మాత్రం ఏదీ వద్దు, ఆ చేతులతోనే ఫోను తడుముతావు. నీ సంగతి నాకు తెలియదా?

నా పాత సెట్టు మీ నాన్న చేతికి ఇచ్చి పంపుతున్నాను. పాట సరిగ్గా రాకపోతే బాదకు, పక్కకు తిప్పి చూడు. దాని యాంటెన్నా లోపల అడ్డంగా ఉంటుంది, తిప్పితే దారికొస్తుంది. వాడని రోజుల్లో బ్యాటరీలు తీసేయి, కారితే లోపలంతా తినేస్తాయి. ఫోనుంటే ఇదెందుకు అనకు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు కరెంటు, ఫోన్లు అన్నీ పోయాయి. మీ అమ్మ నిన్ను పక్కన పెట్టుకుని చీకట్లో కూర్చుంటే వార్తలు వినిపించింది ఈ సెట్టే. నీకు గుర్తుందో లేదో, పాటలే కావాలని మారాం చేశావు.

ఆ స్పీకరును దుకాణం వాళ్లు వెనక్కి తీసుకుంటారేమో కనుక్కో. తీసుకోకపోతే దాచిపెట్టు, మీ చెల్లి పెళ్లికి పనికొస్తుంది.

ఇట్లు,
మీ అత్త