వస్తువు వారిది, పూచీ మీది

ప్రశ్న: ఇంట్లో వాడకుండా పడి ఉన్న పాత సామాన్లను ఆన్‌లైన్ వేలంలో పెడితే మంచి ధరే పలికింది. అది చూసి తెలిసినవాళ్లు తమ కెమెరాలు, గడియారాలు తెచ్చి ‘నువ్వే అమ్మిపెట్టు, ఎంతో కొంత తీసుకో’ అంటున్నారు. దీన్నే వ్యాపారంగా చేసుకోవాలని ఉంది. కమీషన్ ఎంత అడగాలి? మా పెదనాన్నగారైతే, తన చేతిగడియారానికి అనుకున్న ధర రాకపోతే మనవాళ్ల చేతే పాట పెంచిద్దామంటున్నారు. ఏం చేయమంటారు?
— ఒక పాఠకురాలు

జవాబు: ముందు పెదనాన్నగారి సంగతి. ఎంత పెద్దవారైనా ఆ ఒక్క మాటకు ఒప్పుకోకండమ్మా. అది దొంగపాట. వేలం సైట్లన్నీ దాన్ని నిషేధించాయి. పట్టుబడితే మూతపడేది ఆయన ఖాతా కాదు, మీది. దానితోపాటు మీ దగ్గర సరుకు పెట్టిన మిగతావాళ్ల అమ్మకాలన్నీ ఆగిపోతాయి. అన్నిటికన్నా ముందు, అవతల నమ్మి పాడుతున్న మనిషికి అది అన్యాయం.

ఆయన భయానికి నిజాయితీగల దారి ఉంది. చాలా సైట్లలో కనీస ధర పెట్టుకోవచ్చు. పాట అక్కడిదాకా రాకపోతే వస్తువు అమ్ముడుపోదు. అయితే ఆ ధర ఎక్కడ పెట్టాలో ఆయన మమకారం చెప్పజాలదు. ఈబే వంటి వేలం సైటులో పాటదారు తన గరిష్ఠ ధర చెప్పి ఊరుకుంటే, అక్కడిదాకా సైటే అతని తరఫున పాడుతుంది. గెలిచినవాడు కట్టేది రెండోవాడి గరిష్ఠ ధర మీద సాధారణంగా ఒక్క మెట్టు, అంటే సైటు నిర్ణయించిన కనీస పెంపు మాత్రమే ఎక్కువ. అంటే ధర తేల్చేది రెండో మనిషి. పోటీపడే ఇద్దరు లేని వస్తువుకు వేలం దండగ, దాన్ని స్థిర ధరకు పెట్టండి. అలాంటి గడియారాలు ఇటీవల నిజంగా ఎంతకు అమ్ముడయ్యాయో సైటులోనే వెతికి, పెదనాన్నగారిని పక్కన కూర్చోబెట్టుకుని చూపించండి. అమ్మేవాళ్లు అడుగుతున్న ధరలు కాదు, కొన్నవాళ్లు కట్టిన ధరలు. నా దగ్గరికి వచ్చినవాళ్లతో వాదనలు చాలావరకు అక్కడే ముగిశాయి.

ఇక కమీషన్. ‘ఎంతో కొంత’ అన్న మాట మీద వ్యాపారం నిలవదు. లెక్క చూడండి. మీ కమీషన్ 30 శాతం, సైటు రుసుము 10 శాతం, ఆ రుసుము మీరే భరిస్తున్నారనుకుందాం. రుసుమును చాలా సైట్లు వస్తువు ధర మీదే కాదు, కొన్నవారు కట్టే రవాణా ఖర్చు మీద కూడా వేస్తాయి. వస్తువు 1,000, రవాణా 100 అయితే మీకు వచ్చేది 300, పోయేది 110, మిగిలేది 190. రవాణా అంతే ఉండి వస్తువు 100కే పోతే వచ్చేది 30, పోయేది 20, మిగిలేది 10. అట్టపెట్టె, టేపు ఖర్చుకే అది చాలదు. ఫొటోలు తీయడం, ప్రశ్నలకు జవాబులివ్వడం, పార్శిల్ కట్టడం మాత్రం రెండింటికీ ఒకటే శ్రమ. అందుకే ఒక హద్దు గీసుకుని, అంతకు తక్కువ పలికే సరుకును మొహమాటం లేకుండా వెనక్కి పంపండి. ఈ పనిలో మనుషులు నష్టపోయేది ఎక్కువగా మొహమాటం వల్లే.

తీసుకున్న సరుకును యజమాని ఎదుటే పరీక్షించండి. ఫిల్మ్ కెమెరా వచ్చిందనుకోండి. లెన్సు వెనకనుంచి టార్చి వేసి ముందునుంచి చూస్తే, మామూలు వెలుతురులో కనిపించని బూజు సాలెగూటి పోగుల్లా బయటపడుతుంది. బ్యాటరీ గది మూత తీస్తే పచ్చటి చిలుము ఉందేమో తెలుస్తుంది. వెనక తలుపు అంచున ఉండే నల్లటి స్పాంజి వేలికి జిగురుగా అంటుకుంటే, లోపలికి వెలుతురు చొరబడే ప్రమాదం ఉన్నట్టే. షట్టర్‌ను ఒక సెకను వేగంలో పెట్టి నొక్కి వినండి, మధ్యలో ఆగిపోతుందేమో. కనిపించిన ప్రతి లోపాన్నీ ఫొటో తీసి, వివరణలో రాయండి. లోపం చెబితే కొనరన్న భయం వద్దు. 1995లో పియర్ ఒమిద్యార్ ఈబేను మొదలుపెట్టినప్పుడు తొలి అమ్మకంగా చెప్పుకునేది పాడైపోయిన లేజర్ పాయింటర్‌ను. 14.83 డాలర్లకు పోయింది, అదీ పాడైందని చెప్పి అమ్మితేనే.

ఒప్పందం కాగితం మీద ఉండాలి, సొంతవాళ్లతో అయినా సరే. వస్తువు వివరం, సీరియల్ నంబరు, ఉన్న లోపాలు, కనీస ధర, కమీషన్, అమ్ముడుపోకపోతే ఎన్నాళ్లలో వెనక్కి తీసుకెళ్లాలి, మీ దగ్గర పగిలితే ఎవరు భరించాలి అన్నవి రాసుకోండి. ‘ఇది నా సొంతం, అమ్మే హక్కు నాకుంది’ అని యజమాని సంతకం చేయాలి, గుర్తింపు కార్డు చూపాలి. దొంగ సొత్తు మీ చేతుల మీదుగా పోతే మొదట మిమ్మల్నే అడుగుతారు. పన్ను, రిజిస్ట్రేషన్ నిబంధనలు ప్రాంతాన్ని బట్టి ఉంటాయి కాబట్టి మొదలుపెట్టే ముందే ఒక అకౌంటెంట్‌ను కలవండి.

కొన్నవారి డబ్బు రాగానే యజమాని ఫోను చేస్తారు. అప్పుడే ఇవ్వకండి. కొన్నవారికి వస్తువు వెనక్కి పంపే గడువు ఉంటుంది, అది దాటాకే చెల్లిస్తానని ఒప్పందంలోనే రాయండి. ఆలోపు ఆ సొమ్మును ఇంటి ఖర్చుల్లో కలవకుండా వేరే బ్యాంకు ఖాతాలో ఉంచండి. గడువు దాటిన మర్నాడే లెక్క కాగితంతో సహా వారికి పంపేయండి.