తంగేడుకు రోజూ నీళ్లెందుకమ్మా?

ప్రశ్న: బతుకమ్మ వచ్చిందంటే తంగేడు పువ్వు కోసం ఊరవతలికి పరుగెత్తాల్సి వస్తోంది. ఇంట్లోనే పెంచుదామని కిందటేడు రోడ్డు పక్క రెండు మొక్కలు పీకి తెచ్చి పెరట్లో నాటాను. రోజూ నీళ్లు పోసినా వారంలోనే ఎండిపోయాయి. నర్సరీలో అడిగితే నవ్వారు. ఏం చేయాలి?
- ఒక పాఠకురాలు, సిద్దిపేట

జవాబు: నర్సరీవాళ్ల నవ్వుకేం గాని, తెలంగాణకు రాష్ట్ర పుష్పం అదే కదా! మీ మొక్కలు చచ్చింది నీళ్లు చాలక కాదు. తంగేడుకు తల్లివేరు లోతుకు దిగుతుంది. పీకినప్పుడు అది తెగిపోయి ఉంటుంది. ఇక ఎన్ని బిందెలు పోసినా లాభం లేదు.

గింజ వేయండి. పూలు రాలాక బద్దల్లాంటి కాయలు వస్తాయి. అవి గోధుమరంగుకు తిరిగి ఎండాక కోసుకోండి. గింజ పైతోలు మహా గట్టిది, ఊరికే మట్టిలో వేస్తే నెలల తరబడి అలాగే పడి ఉంటుంది. నేను నీళ్లు మరగబెట్టి, పొయ్యి దించాక అందులో గింజలు వేసి రాత్రంతా వదిలేస్తాను. పొద్దుటికి ఉబ్బినవి నాటడానికి, ఉబ్బనివి గరుకు కాగితం మీద కాస్త రుద్ది మళ్లీ నానబెట్టడానికి. తొలకరి పడ్డాక, మొక్క ఎక్కడ ఉండాలో అక్కడే, అర అంగుళం లోతున మూడేసి గింజలు పెట్టండి. మొలిచాక బలమైనది ఒక్కటి ఉంచితే చాలు.

చోటు ఎండ బాగా పడేదై ఉండాలి, నీరు నిలవకూడదు. నా మొదటి మొక్కను బట్టలుతికే బండ పక్కన పెట్టి వేరు కుళ్లబెట్టుకున్నాను. ఇప్పుడున్నది గేటు బయట మొరం నేలలో ఉంది, దాని జోలికి పోను. మొదటి ఎండాకాలం మాత్రం వారానికోసారి చెంబెడు నీళ్లు పోశాను. ఎరువు వేయలేదు.

ఆకుల మీద పచ్చటి పురుగులు కనిపిస్తే మందు కొట్టకండి. పసుపు, తెలుపు సీతాకోకచిలుకలు గుడ్లు పెట్టేది ఈ ఆకుల మీదే.

ఈ దసరాకైతే ఆశ పెట్టుకోకండి. నాది రెండో వానకాలానికి పూసింది. ఒక్క మొక్క పూలతో బతుకమ్మ నిండదు కూడా, గోడ వెంట నాలుగైనా వేయండి. మధ్యలో గునుగు గింజలు చల్లేయండి, దానికి ఈ తంటాలేవీ లేవు.