కేసుకు కోత పెట్టే ముందు ఒక అగరుబత్తి వెలిగించండి

మార్చి దాటిందంటే నాకు వచ్చే ఉత్తరాల్లో ఒకటే గోడు. గేమ్ పెట్టగానే సీపీయూ డబ్బా, అంటే కేసు, కాలిపోతోందని, ఫ్యాన్ల మోతకు ఇంట్లోవాళ్లు విసుక్కుంటున్నారని. ఈ వారం తీసుకున్న మూడు ప్రశ్నలూ ఆ డబ్బా చుట్టూ తిరిగేవే.

గుంటూరు నుంచి ఒక డిగ్రీ విద్యార్థి: ముందువైపంతా గాజు ఉన్న కేసు కొన్నాను. గేమ్ ఆడుతుంటే ప్రాసెసర్ 95 డిగ్రీలకు పోతోంది. మా వీధిలో వెల్డింగ్ షాపతను పైరేకు కోసి ఇస్తానన్నాడు, అక్కడ ఇంకో ఫ్యాన్ పెడదామనుకుంటున్నాను. ఎంత సైజు కోయించాలి?

ఇప్పుడే కోయించకండి. ముందు ఆ గాజు ప్యానెల్ ఊడదీసి పక్కన పెట్టి, అదే గేమ్ 15 నిమిషాలు ఆడండి. ఉష్ణోగ్రత ఐదారు డిగ్రీలు తగ్గిందంటే తప్పు పైరేకుది కాదు, ముందున్న గాజుది. లోపలికి గాలి వచ్చే దారే లేనప్పుడు, బయటికి తోసే ఫ్యాన్ ఇంకొకటి పెట్టి ఏం లాభం?

తర్వాత ప్యానెల్ మళ్లీ బిగించి, గదిలో సీలింగ్ ఫ్యాన్ ఆపి, ఒక అగరుబత్తి వెలిగించండి. నుసి లోపల పడకుండా, గాజు అంచున ఉన్న సందుకు జానెడు దూరంలో పట్టుకోండి. పొగ దారంలా వంగి సందులోకి పోతుంటే గాలి ఆడుతున్నట్టు. నిటారుగా పైకి లేస్తే, ఆ గాజు వెనకాల రంగురంగుల లైట్లతో తిరుగుతున్న మూడు ఫ్యాన్లూ ఉత్తగా తిరుగుతున్నట్టే. ఇప్పుడు అగరుబత్తిని వెనక ఫ్యాన్ దగ్గరికి తీసుకెళ్లండి. పొగ గోడకు తగిలి మళ్లీ కేసు ముందుకే చుట్టి వస్తోందా? అలాగైతే మీ కంప్యూటర్ తను వదిలిన వేడిని తనే పీలుస్తోంది. టేబుల్ కింది అరలో కేసును ఇరికించిన ఇళ్లలో నేను ఎక్కువగా చూసింది ఇదే. దాన్ని ఆ అరలోంచి బయటికి తీస్తే చాలు, పైసా ఖర్చు లేకుండా తేడా తెలుస్తుంది.

ముందు గాజు పెట్టి, పక్కన వేలు పట్టనంత సందు వదిలిన కేసులంటే నాకు నిజంగా కోపం. గాలి రావాల్సిన చోట గోడ కట్టి, దాన్ని అందం పేరుతో అమ్ముతున్నారు. మే నెలలో మధ్యాహ్నం గది వేడే 36 డిగ్రీలు ఉండే ఊళ్లు మనవి. ఎన్ని ఫ్యాన్లు పెట్టినా లోపలి భాగాలు గది వేడి కన్నా దిగువకు రావు. అలాంటిచోట ఆ గదిగాలిని కూడా సరిగా లోపలికి రానివ్వని డబ్బాను ఎలా అమ్ముతారు? కొన్ని కొత్త ప్రాసెసర్లు పూర్తి లోడులో 95 దాకా వెళ్లేలానే తయారయ్యాయి, అది వేరే సంగతి. కానీ మామూలు గేముకే అక్కడికి చేరితే చాలావరకు గాలి ఆడట్లేదనే అర్థం.

కోయించాలనే ఉంటే ముందువైపు పని చేయించండి. గాజు బదులు చిల్లుల రేకు అమర్చమనండి. దోమల జాలీ అంత సన్నది వద్దు, దుమ్ము పట్టి త్వరగా మూసుకుపోతుంది. అప్పటికీ పైన ఫ్యాన్ అవసరమనిపిస్తే 120 మి.మీ. ఫ్యాన్ చాలు. దాని స్క్రూ రంధ్రాల మధ్య దూరం 105 మి.మీ. అట్టముక్క మీద గీసి, కత్తిరించి, రేకు మీద అతికించి ఇవ్వండి. మదర్‌బోర్డు, ఎస్‌ఎంపీఎస్ (భాగాలన్నిటికీ కరెంటు అందించే పెట్టె) సహా అన్నీ ఊడదీసి ఖాళీ డబ్బానే షాపుకు తీసుకెళ్లాలి. కోతలో రాలే ఇనుప రజను ఒక్క పలుకు బోర్డు మీద పడినా షార్ట్ అయ్యే ప్రమాదం ఉంది. కోసిన అంచును ఆకురాయితో రాయించి, రబ్బరు బీడింగ్ తొడిగించండి. లేకపోతే ఆ అంచు ముందు మీ వేలిని కోస్తుంది, తర్వాత వైరును.

హైదరాబాద్ నుంచి, ఇంటి నుంచే ఉద్యోగం చేసే ఒక పాఠకురాలు: కొత్త ఫ్యాన్ల వేగం, లైట్లు మార్చడానికి ఒక ఉచిత సాఫ్ట్‌వేర్ వేశాను. అది పని చేయాలంటే విండోస్‌లో మెమరీ ఇంటెగ్రిటీ అనే భద్రతా సెట్టింగ్ ఆపాలట. ఆపొచ్చా?

ఆపకండి. అన్నిటికన్నా నాకు టెన్షన్ పెట్టిన ప్రశ్న ఇది.

ఫ్యాన్ వేగం మార్చాలంటే ఆ సాఫ్ట్‌వేర్ నేరుగా హార్డ్‌వేర్‌తో మాట్లాడాలి. అందుకోసం విండోస్ గర్భగుడిలాంటి కెర్నెల్‌లో ఒక డ్రైవరును, అంటే హార్డ్‌వేర్‌తో మాట్లాడే చిన్న ప్రోగ్రామును, కూర్చోబెడుతుంది. ఆ డ్రైవరులో లోపం ఉంటే, మామూలు ప్రోగ్రాములు కూడా దాని భుజమెక్కి లోపలికి చొరబడొచ్చు. ఇది ఊహ కాదు. చాలా ఉచిత ఫ్యాన్, లైట్ల సాఫ్ట్‌వేర్లు ఆధారపడిన విన్‌రింగ్‌0 అనే డ్రైవరులో ఇలాంటి లోపం ఉందని 2020లోనే నమోదైంది. అయినా ఏళ్ల తరబడి దాన్నే వాడుతూ వచ్చారు. 2025 మార్చిలో విండోస్‌తో వచ్చే యాంటీవైరస్ డిఫెండర్ దాన్ని ప్రమాదకరమని పట్టుకోవడం మొదలుపెట్టాక, ఫ్యాన్ల సాఫ్ట్‌వేర్లు పని చేయట్లేదని జనం గగ్గోలు పెట్టారు.

ఇంకో ఉదాహరణ చెప్తాను. 2020లోనే రాబిన్‌హుడ్ అనే ర్యాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు గుంజే వైరస్), ఒక మదర్‌బోర్డు కంపెనీ డిజిటల్ సంతకమున్న పాత డ్రైవరును తన వెంట తెచ్చుకుంది. దాని సాయంతో యాంటీవైరస్‌ను ఆపేసి, ఆ తర్వాత తీరిగ్గా ఫైళ్లకు తాళం వేసింది. సంతకం అసలైనదే కాబట్టి విండోస్ అడ్డు చెప్పలేదు. మెమరీ ఇంటెగ్రిటీ, దానితోపాటు లోపమున్న డ్రైవర్ల నిషేధ జాబితా ఉన్నది ఇలాంటివాటిని గుమ్మం దగ్గరే ఆపడానికి. మీరు ఆఫీసు ఫైళ్లు తెరిచే, బ్యాంకు లావాదేవీలు చేసే మెషీన్‌లో, లైట్ల రంగు కోసం ఆ కాపలా తీసేయమని అడగడం బాధ్యతలేని పని. అలా అడిగే సాఫ్ట్‌వేర్‌ను వెంటనే తీసేయండి.

ఫ్యాన్ల వేగానికి అసలు సాఫ్ట్‌వేరే అక్కర్లేదు. కంప్యూటర్ ఆన్ అవుతున్నప్పుడు డిలీట్ కీ నొక్కితే చాలా బోర్డుల్లో బయోస్, అంటే మదర్‌బోర్డు సొంత సెట్టింగుల తెర, తెరుచుకుంటుంది. అక్కడ ఎంత వేడికి ఎంత వేగమో చెప్పే ఫ్యాన్ కర్వ్ ఉంటుంది. మన వేసవిలో ఏ పనీ లేకున్నా ప్రాసెసర్ 50 డిగ్రీల దగ్గర ఉండొచ్చు కాబట్టి, 55 దాకా 40 శాతం, 70 దగ్గర 65 శాతం, 85 దగ్గర పూర్తి వేగం పెట్టి చూడండి. నాలుగు పిన్నుల ఫ్యానుకు పీడబ్ల్యూఎం, మూడు పిన్నులదైతే డీసీ అనే మోడ్ ఎంచుకోండి. ఒకసారి సేవ్ చేస్తే విండోస్ మార్చినా అది అలాగే ఉంటుంది.

విశాఖపట్నం నుంచి ఒక పాఠకుడు: లోపల వైర్లు పీచులా ఉన్నాయి. సర్దితే వేడి తగ్గుతుందా? పొడవైన కేబుళ్లు స్నేహితుడి ఎస్‌ఎంపీఎస్‌వి ఉన్నాయి, అవి వాడొచ్చా?

వైర్లు సర్దితే వేడి పెద్దగా తగ్గదు. వెడల్పాటి రిబ్బన్ కేబుళ్ల కాలంలో గాలికి అడ్డమయ్యేవి, ఇప్పుడు అంత లేదు. కానీ దుమ్ము దులపడం సులువవుతుంది, వైరు వెళ్లి ఫ్యాన్ రెక్కల్లో పడదు. మదర్‌బోర్డు వెనక సందులోంచి లాగి, వెల్క్రో పట్టీలతో కట్టండి. ప్లాస్టిక్ ట్యాగులైతే మరీ బిగించొద్దు. గ్రాఫిక్స్ కార్డు 16 పిన్నుల కనెక్టరుదైతే, 600 వాట్ల దాకా మోసే కనెక్టరది, పూర్తిగా లోపలికి కూర్చుందో లేదో టార్చి వేసి చూడండి. దాని మొదట్లోనే వైరును వంచకండి.

ఇక స్నేహితుడి కేబుళ్లు, వద్దే వద్దు. హార్డ్ డిస్కు వైపు ప్లగ్గు ప్రమాణం ఒకటే. ఎస్‌ఎంపీఎస్ వైపు మాత్రం ఏ పిన్నులో ఎన్ని వోల్టులో ఒక్కో కంపెనీ ఒక్కోలా పెడుతుంది, ఒకే కంపెనీ మోడళ్ల మధ్య కూడా తేడా ఉండొచ్చు. ప్లగ్గు చక్కగా పడుతుంది, 5 వోల్టులు రావాల్సిన చోట 12 వస్తుంది. నా దగ్గర ఇలాగే రెండు హార్డ్ డిస్కులు పోయాయి. స్విచ్ వేశాను, చిన్న టిక్కుమన్న శబ్దం, కాలిన వాసన, అంతే. మా అమ్మ ఫొటోలు వాటిలో ఉన్నాయి. ఒక కాపీ ఇంకోచోట ఉండబట్టి బతికాయి. ఇంత ప్రమాదమున్నా ఈ ప్లగ్గును అందరూ ఒకేలా ఎందుకు చేయరో నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

మీ ఎస్‌ఎంపీఎస్‌తో వచ్చిన కేబుళ్లు పొట్టివైతే, అదే మోడల్ కోసమని రాసి ఉన్నవే కొనండి. మిగిలినవాటిని ఒక సంచిలో వేసి, దాని మీద స్కెచ్ పెన్నుతో ఆ ఎస్‌ఎంపీఎస్ మోడల్ నంబరు రాసి పెట్టండి. స్నేహితుడి కేబుళ్లు ఈరోజే తిరిగి ఇచ్చేయండి.