నాయనమ్మ గురించి రాయబోతే పొగడ్తలే వస్తున్నాయి

ప్రశ్న: మా నాయనమ్మ కన్నుమూసి ఏడాది కావస్తోంది. పిల్లల కుటుంబాలన్నిటినీ ఒక్కతాటిపై నిలిపింది ఆమే. ఎవరి పుట్టినరోజు ఎప్పుడో, ఎవరికి పరీక్షలు ఎప్పుడో నోటు పుస్తకంలో రాసుకుని, ఆ రోజు తప్పకుండా ఫోన్ చేసేది. ఆమె జ్ఞాపకార్థం కుటుంబం కోసం చిన్న పుస్తకం రాయమని పెద్దవాళ్లు నాకు అప్పగించారు. రాయబోతే ‘ప్రేమమూర్తి’, ‘త్యాగమయి’ వంటి మాటలే వస్తున్నాయి. పైగా ఆమె గొంతు గుర్తొస్తే ఇప్పటికీ కన్నీళ్లు ఆగవు. ఇది సహజమేనా?
— ఒక పాఠకురాలు

జవాబు: ముందుగా మీ చివరి సందేహం తీరుస్తాను. ఇది పూర్తిగా సహజం. పోయినవారి నుంచి మనసును క్రమంగా విడదీసుకోవడమే దుఃఖం చేసే పని అన్న అభిప్రాయం 1917లో మనోవిశ్లేషణకు ఆద్యుడైన ఫ్రాయిడ్ రాసిన వ్యాసంతో బలపడింది. అయితే ఆత్మీయులను పోగొట్టుకున్నవారిలో చాలామంది ఆ బంధాన్ని తెంచుకోరని, వేరే రూపంలో కొనసాగిస్తారని, అది అనారోగ్యం కాదని డెన్నిస్ క్లాస్, ఫిలిస్ సిల్వర్‌మన్, స్టీవెన్ నిక్‌మన్ అనే పరిశోధకులు 1996లో వాదించారు. ఆరు నెలలు దాటినా తీవ్రమైన దుఃఖం తగ్గకుండా రోజువారీ జీవితాన్నే సాగనివ్వకపోతే ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ దాన్ని చికిత్స అవసరమైన స్థితిగా గుర్తిస్తుంది. మీకు అలా ఉంటే మానసిక వైద్యులను కలవండి. గొంతు గుర్తొచ్చి కళ్లు చెమర్చడం మాత్రం ఆ కోవకు రాదు.

ఇక పుస్తకం సంగతి. మీరు రాసిన ఉత్తరంలో నన్ను ఆపేసింది ఆ నోటు పుస్తకం. ‘త్యాగమయి’ అన్న మాట ఏ నాయనమ్మకైనా సరిపోతుంది కానీ, మనవరాలి పరీక్ష తేదీని గుర్తుపెట్టుకుని ఫోన్ చేసిన మనిషి మీ నాయనమ్మ ఒక్కతే. కుటుంబాల్లో బంధువులను కలిపి ఉంచే ఇలాంటి పనిని సామాజిక శాస్త్రవేత్త కారొలిన్ రోసెంతాల్ 1985లో అధ్యయనం చేసి, అది ఎక్కువగా స్త్రీల మీదే పడుతుందని చూపారు. అది నిజంగా పనే. మాట్లాడుకోవడం మానేసిన అన్నదమ్ముల్లో ఒకరి క్షేమం రెండోవారి చెవిన వేయడం, ఎవరు ఎవరి మీద అలిగారో కనిపెట్టి ముందే సర్దుబాటు చేయడం వంటివి తెలివి, ఓర్పు, సమయం అడిగే పనులు. ఆమెను దేవతను చేస్తే ఈ శ్రమంతా వరంలా దానంతట అదే జరిగిపోయినట్టు కనిపిస్తుంది. అందుకే ఆ నోటు పుస్తకాన్ని మళ్లీ తెరిచి, కొట్టివేసి రాసిన అంకెలను, మార్చిన చిరునామాలను, అంచుల్లో రాసుకున్న చిన్న మాటలను చూడండి. మీ అధ్యాయాలు అక్కడే ఉన్నాయి.

ఆమె కోపాన్నీ పట్టుదలనూ వదిలేయకండి. ఎవరితోనైనా ఆమె గట్టిగా విభేదించి ఉంటే, బతికి ఉన్నవారి మనసు నొప్పించని మేరకు అదీ రాయండి. లోపాలు తుడిచేసిన మనిషిని రేపటి పిల్లలు గౌరవిస్తారేమో కానీ దగ్గరగా అనుకోలేరు.

వివరాలు సేకరించేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. గుర్తుతెచ్చుకున్న ప్రతిసారీ మనసు ఆ సంగతిని మళ్లీ అల్లుకుంటుందని మనస్తత్వ శాస్త్రవేత్త ఫ్రెడరిక్ బార్ట్‌లెట్ 1932లోనే ప్రయోగాలతో చూపారు. అందరినీ ఒకచోట కూర్చోబెట్టి అడిగితే గట్టిగా చెప్పినవారి కథే అందరి జ్ఞాపకంగా మారిపోయే ప్రమాదం ఉంది. కాబట్టి ఒక్కొక్కరినీ విడిగా, వయసులో పెద్దవారితో మొదలుపెట్టి అడగండి. ‘ఆమె ఎలాంటిది?’ అని కాకుండా ‘ఆమె మిమ్మల్ని చివరిసారి ఏం అడిగింది?’ అని అడిగితే సమాధానం ఒక విశేషణంతో ముగిసిపోదు. వాళ్ల అనుమతితో ఆ మాటలను ఫోన్‌లో రికార్డు చేయండి. ఒకే సంఘటనను ఇద్దరు వేర్వేరుగా చెబితే ఏది నిజమో తేల్చే బాధ్యత నెత్తిన వేసుకోకుండా, రెండింటినీ చెప్పినవారి పేర్లతో పక్కపక్కనే అచ్చు వేయండి.